ఆరింటి నీళ్లు

టైలరమ్మ నడిరోడ్డు మీద నీళ్లాయన చేతిలోంచి ఇనుపకడ్డీ లాగేసుకుంది.

వాల్వు తిప్పే కడ్డీ అది. అది లేకపోతే రెండు వీధుల్లో ఏ కుళాయీ చుక్క రాల్చదు.

"ఇవాళ తేలిపోవాలి! ఊరంతటికీ పొద్దున్నే నీళ్లొస్తాయి. మాకు మాత్రం సాయంత్రం ఆరింటికేంటి? నా గిరాకీ వచ్చేదీ అప్పుడే. బట్ట కత్తిరించనా, బకెట్లు మొయ్యనా?"

"బకెట్లు మీ అబ్బాయి మోస్తున్నాడుగా అమ్మా."

"మూడంతస్తులు! ఫ్యాక్టరీలో ఒళ్లు హూనం చేసుకొచ్చి, మళ్లీ ఈ మోత. వాడి నడుం విరిగితే కొత్తది నువ్విస్తావా?"

"ఇరవై ఏళ్లవాడు. మొయ్యనివ్వండి. మంచిదే."

"ఎవరికి మంచిది?"

ఆయన కడ్డీ కోసం చెయ్యి చాపి నిలబడ్డాడు. ఖాళీ బకెట్లతో నిలబడ్డవాళ్లు కేకలేయడంతో ఆమే ఇచ్చేసింది.

ఆ వాల్వున్న కూడలికి ఎగువన పాత శాఖవాళ్లు, దిగువన కొత్త శాఖవాళ్లు. దేవుడొక్కడే, గ్రంథమొక్కటే. ప్రార్థన చేసే తీరు దగ్గరే పేచీ. ఆ పేచీతో ముప్పై ఏళ్లు రాళ్లు రువ్వుకుని తలలు పగలగొట్టుకున్నారు. ఆ రాళ్లకు పోయిన చివరి మనిషి టైలరమ్మ భర్త. తొమ్మిదేళ్లయింది. ఇప్పుడామెకు ఉన్నదల్లా ఆ కొడుకే.

రెండు శాఖల పెద్దలు చేసుకున్న ఒప్పందం వల్లే గొడవలు ఆగాయని అందరి నమ్మకం. వాళ్ల సంతకాలను పాలరాతి మీద చెక్కించి కూడలిలో నిలబెట్టారు కూడా.

నీళ్లాయనది ఏ శాఖో ఎవరికీ తెలియదు. ఎగువవాళ్లు దిగువవాడనుకునేవారు, దిగువవాళ్లు ఎగువవాడనుకునేవారు. కాబట్టి ఆయన్ని తిట్టడంలో మాత్రం రెండు వీధులకూ తేడా రాలేదు.

టైలరమ్మ అర్జీ రాసింది. ఎగువన సంతకాలయ్యాక, గుండె చిక్కబట్టుకుని దిగువవీధిలోకీ వెళ్లింది.

"అర్జీ నీళ్లాయన మీదేనా?" అన్నాడు అక్కడి బేకరీ ఆయన. "రెండు సంతకాలు పెట్టనా అక్కయ్యా?"

ఆ సాయంత్రమే నీళ్లాయన ఆమె షాపు మెట్లెక్కాడు.

"అర్జీ ఇవ్వకండమ్మా."

"ఎందుకివ్వకూడదో చెప్పు."

"చెప్తే పనిచెయ్యదు."

"ఏం, మందా? మంత్రమా?"

షాపులో అందరూ నవ్వారు. ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు.

అర్జీ చూసి నీళ్ల ఆఫీసు ఇంజినీరు కుర్చీలోంచి లేచాడు.

"రెండు వీధులూ ఒకే కాగితం మీదా! శాంతి అంటే ఇదేనమ్మా!"

ఫొటో కూడా తీయించాడు.

వారంలో కుళాయిల వేళ పొద్దుటికి మారింది. నీళ్లాయనను ఊరవతల పంపుహౌసుకు మార్చారు. నెల తిరక్కుండానే రిటైరయ్యాడు.

టైలరమ్మ సాయంత్రాలు తీరిగ్గా మిషను తొక్కింది. కొడుకు మొహం కడుక్కుని, తల దువ్వుకుని కూడలికి వెళ్లడం మొదలుపెట్టాడు.

"అక్కడ ఎవరుంటార్రా?"

"అందరూ ఉంటారమ్మా. మనవాళ్లు. అటువాళ్లూ."

నాలుగోవారం ఎవడో ఎవడి ప్రార్థననో వెక్కిరించాడు.

హాస్పిటల్లో కొడుకు ఎడమకంటికి కట్టు కట్టారు. చూపు సంగతి పదిరోజులాగితే గానీ చెప్పలేమన్నాడు డాక్టరు.

"ఎవరు విసిరార్రా?"

"అటువాళ్లు." గోడవైపు తిరిగాడు. "ముందు మేమే అనుకో."

"ఆ వేళప్పుడు అక్కడ నీకేం పనిరా?"

"ఇంట్లో మాత్రం ఏం పనుందమ్మా?"

టైలరమ్మ లేచి నేరుగా నీళ్ల ఆఫీసుకు వెళ్లింది.

"మళ్లీ సాయంత్రం ఆరింటికే వదలండి."

గుమాస్తా కళ్లజోడు సవరించుకున్నాడు. "మార్చమన్నదీ మీరేగా?"

"నేనే. ఇప్పుడు వద్దంటున్నదీ నేనే. ఆ నీళ్లాయనను పిలిపించండి, ఆయన చెప్తాడు."

"ఎక్కడని పిలిపించను? రిటైరై ఏ ఊరెళ్లాడో ఎవరికీ తెలీదు. ఉండండి, అప్పుడు ఆ టైం ఎందుకు పెట్టారో చూద్దాం."

బీరువా పైనుంచి ఫైలు దించి, దుమ్ము దులిపి, కాగితాలు తిరగేశాడు.

"పెద్దల ఒప్పందంలో ఉందేమో," అందామె.

"కాదు. ఇది ఒప్పందానికి ఎనిమిది నెలల ముందుది. వేరే ఊరినుంచి బదిలీ మీద వచ్చిన కొత్తలో మీ నీళ్లాయన పెట్టుకున్న అర్జీ."

టైలరమ్మ తేదీ చూసింది. తన భర్త పోయిన నెల అది. రాళ్లు ఆగిందీ ఆ నెలలోనే. పెద్దలు సంతకాలు చేసింది ఆ తర్వాత.

వేళ ఎందుకు మార్చాలో చెప్పాల్సిన చోట ఒక్కటే వాక్యం ఉంది.

"మా ఊళ్లో మా అబ్బాయి రాయి పట్టుకుని గడప దాటింది సాయంత్రం ఆరింటికే, ఆ వేళకు వాడి చేతికి బకెట్ ఇద్దామంటే మా కుళాయికి నీళ్లు లేవు."