సగంలో సగం

“నాకు చాలు, మిగతాది మీరు తీసుకోండి,” అంటూ టాడ్ నిమ్మ కేకు ముక్కను కత్తితో సగానికి కోసి, ఒక సగం తన పళ్లెంలో వేసుకున్నాడు.

“అయ్యో, నాకసలు ఆకలే లేదు,” అని మార్లిస్ మిగిలినదాంట్లో సగం కోసుకుంది.

ట్రేలో తపాలా బిళ్లంత ముక్క మిగిలింది. బల్ల చుట్టూ కూర్చున్న ముగ్గురూ దాన్నే చూస్తున్నారు. వంటింటి గుమ్మంలో నోటుపుస్తకం పట్టుకుని నిలబడ్డ లిన్నియా వాళ్ల ముఖాలు గమనిస్తోంది. ఈసారి ఎవరూ నవ్వడం లేదు.

ఈ ఆట రాయడానికి ఆమెకు ఏడాది పట్టింది. ఇలాంటి ఆటలకు ప్రేక్షకులుండరు, రాసిపెట్టిన మాటలుండవు. వచ్చినవాళ్లే తలో వేషం వేసుకుని రెండు గంటలపాటు ఆ మనుషులుగా బతకాలి. ఇది భయపెట్టే ఆట. కానీ ఇందులో నెత్తురు లేదు, దెయ్యం లేదు. మినియాపొలిస్ శివారులో ఒక మామూలు ఇల్లు, ఆదివారం మధ్యాహ్నం, విందుకొచ్చిన ఇరుగుపొరుగు, అంతే. ట్రే ఖాళీ అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. ఆఖరి ముక్క తిన్నవాళ్లు మాత్రం ఇక ఎప్పటికీ ఆ ఇల్లు వదిలి వెళ్లలేరు.

ఈ ప్రాంతంలో ఆఖరి ముక్క తీసుకోవడం మామూలుగానే అమర్యాద. ఎంత నోరూరినా సగమే కోసుకుంటారు, తర్వాతివాళ్లు అందులో సగం. చిన్నప్పటినుంచీ చేతులకు అలవాటైన ఆ మర్యాదే జనాన్ని వణికించాలని లిన్నియా ఆశ.

ఇంతకుముందు రెండుసార్లు ఆడించి చూసింది. రెండుసార్లూ పకపకా నవ్వారు. నవంబరులో జరిగే ఆటల మేళాలో ఇంకొక్క ఆటకే చోటుంది. మేళా నడిపే మార్లిస్ తనే ఆడి చూసి తేలుస్తానని ఇవాళ వచ్చింది. ఆమెకు అరవై దాటాయి. ఇలాంటి ఆటలు వందల్లో చూసిన మనిషి. పక్కింటి టాడ్ సరదాగా వచ్చాడు. మూడో మనిషి చివరి నిమిషంలో రానన్నాడు. గరాజ్‌లో అట్టపెట్టెల్లో ఏదో సర్దుకుంటున్న భర్త కర్ట్‌ను పిలవక తప్పలేదు.

“నీకు ఇబ్బంది లేకపోతేనే,” అంది లిన్నియా.

“నాకేం ఇబ్బంది,” అన్నాడు కర్ట్. నియమాల కాగితం చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు. “ఎప్పటికీ వెళ్లలేడంటే, నిజంగా ఎప్పటికీనా?”

“ఎప్పటికీనే. భయమంతా అక్కడేగా ఉంది.”

కర్ట్ ఇంకా ఏమీ తీసుకోలేదు. ఇప్పుడు కత్తి మళ్లీ టాడ్ దగ్గరికొచ్చింది.

“వాన పడేట్టుంది,” అన్నాడు టాడ్.

“ఈ ఏడు చలి తొందరగా వచ్చింది,” అంది మార్లిస్. నవ్వు పెదాల దాకా వచ్చి అక్కడే ఆగింది. ఆమె బల్ల కింద అరచేతులు తువ్వాలుకు తుడుచుకోవడం లిన్నియా చూసింది.

టాడ్ ఆ చిన్న ముక్కను కూడా రెండు చేసి, ఒకటి తీసుకుని, ట్రేను కర్ట్ వైపు జరిపాడు. “తీసుకో కర్ట్. మొహమాటపడకు.”

“అవును, తీసుకోండి,” అంది మార్లిస్. “మా కోసం చూడకండి.”

కర్ట్ కత్తి అందుకోలేదు. వేళ్లతో ఆ ముక్క తీసి నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలాడు.

టాడ్ బల్ల చరిచి నవ్వాడు. “ఓరి నీ ఆకలి పాడుగాను! మీ ఆవిడ నీకు తిండి పెట్టడం లేదట్రా?”

ఆట అక్కడితో చెదిరిపోయింది. మార్లిస్ కుర్చీ వెనక్కి జరుపుకుంది.

“నిజం చెప్తాను తల్లీ. ముక్క చిన్నదయ్యేకొద్దీ నా గుండె దడదడలాడింది. ఇంత మామూలు వస్తువుతో నన్ను ఎవరూ ఇంతగా భయపెట్టలేదు. కానీ శాపాన్ని ఒకడు కోరి తీసుకుంటే అది శాపమెలా అవుతుంది? మీ ఆయన దాన్ని మిఠాయిలా నమిలాడు.”

“ఆయనకు ఆడటం రాదండీ. కొత్త.”

“కావచ్చు. కానీ మేళాలోనూ అలాంటివాడు ఒకడొస్తే? ఈ ఏడుకి వద్దులే. సరిచేసి వచ్చే ఏడు తీసుకురా.”

లిన్నియా తలూపింది. వీడ్కోళ్లు ఎప్పటిలాగే నాలుగుసార్లు జరిగాయి, బల్ల దగ్గర, తలుపు దగ్గర, మెట్లమీద, కారు కిటికీ దగ్గర. ఆమె అన్నిసార్లూ నవ్వింది.

లోపలికొచ్చి ట్రేను కుళాయి కింద పెట్టింది. కర్ట్ తుడిచే గుడ్డ పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

“ఏడాది పట్టింది కర్ట్, ఇది రాయడానికి.”

“తెలుసు. తప్పయింది.”

“అందరిలా సగం కోసుకుంటే నీ సొమ్మేం పోయేది? పదిహేడేళ్లలో ఏ ఇంట్లోనైనా నువ్వు ఆఖరి ముక్క ముట్టుకోవడం చూశానా? ఏది వడ్డించినా బాగుందంటావు. ఏది అడిగినా నీ ఇష్టమంటావు. ఇవాళే దొరికిందా నీకు, నీక్కావలసింది తీసుకోవడానికి?”

“నువ్వూ ఎప్పుడూ ఏదీ కావాలనలేదు,” అన్నాడు కర్ట్ మెల్లగా.

ఆమె గబుక్కున తిరిగింది. కిటికీ అవతల టాడ్ తన పెరట్లో రాలిన ఆకులు ఊడ్చుకుంటున్నాడు.

“నియమం చదవకుండా తిన్నావా?”

“చదివే తిన్నాను.”

లిన్నియా కుళాయి కట్టేసింది. తడి ట్రేను కర్ట్ చేతిలో పెట్టింది.

“అయితే రేపు నీ సామాను కోసం వచ్చే లారీని వద్దననా?” అంది.