కొంగుముడి గోధుమలు

"అలమర మీద గుడ్డసంచి ఏది, పోలమ్మా?"

అడిగింది హరిచందన. ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలోని ఆ క్వార్టర్‌లో ఆమె వెతకని మూల లేదు. సోమవారం వ్యవసాయ కాలేజీ పొలంలో విత్తాలి. విత్తనం చూస్తే మాయమైంది.

అదేమీ అల్లాటప్పా గోధుమ కాదు. కంకికి గింజలు పెరిగితే గింజ బరువు తగ్గిపోవడం గోధుమ నైజం. ఐదేళ్లు రకానికీ రకానికీ సంకరం చేసి, ఎండల్లో మాడి, వందల మొక్కలు పీకి పారేస్తే సంఖ్యా బరువూ రెండూ నిలిచిన మొక్క ఒక్కటంటే ఒక్కటి దక్కింది. దాని సంతానమే ఆ కిలో గింజలు. కాలేజీ గదిలో పురుగు పడుతోందని, ఎండబెట్టడానికి మొన్న మొత్తం ఇంటికి తెచ్చేసింది. చూపుకి మామూలు గోధుమే. దిగుబడి గుట్టంతా లోపలి జన్యువుల్లో ఉంటుంది, పైకి ఏమీ తెలియదు.

ఇంటిపని చేసే పోలమ్మ అంట్ల దగ్గర్నుంచి తలెత్తలేదు. "అమ్మగోరొచ్చినాక ఆరే సెప్తారు" అంది.

తల్లి బాలత్రిపురసుందరి పొద్దున్నే న్యూ సెటిల్‌మెంట్ గుడికి వెళ్లింది, కార్తీక పౌర్ణమి సత్యనారాయణ వ్రతానికి. ఆ జవాబు హరిచందనకి తప్పించుకునే మాటలా తోచింది. అప్పుడే పోలమ్మ కొంగు చివర ముడి కంటబడింది. పట్టి చూస్తే గోధుమలు.

వంటింటి డబ్బాలోవే అనుకుంది. గుప్పెటతో మొదలైన చెయ్యి సంచిదాకా పోకుండా ఉంటుందా? కడుపుమంట నోటికొచ్చింది.

"అడిగితే ఇవ్వమా? దొంగతనం దేనికి? నా సంచి తెచ్చిపెట్టు, చాలు."

పోలమ్మ మొహం నల్లబడిపోయింది. తడిచేతులు తుడుచుకుని లేచింది.

"ఇరవై ఏళ్లనుంచి ఈ ఇంట సెంచా పోయిందేటి, అమ్మాయిగోరూ? దొంగన్నాక నానింకేటీ సెప్పను."

ముడి విప్పి గింజలు గుమ్మం ముందు దులిపేసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. పక్క క్వార్టర్ కోళ్లు పరుగెత్తుకొచ్చి పొడుచుకు తినసాగాయి. హరిచందన వాటిని అదిలించనైనా లేదు. మళ్లీ మంచాల కింద దూరి వెతికి, ఏడుస్తూ కూర్చుంది.

అరగంటకి తల్లి స్టీలు డబ్బాతో వచ్చింది. రవ్వప్రసాదం కూతురి చేతిలో పెట్టి, నీ పరిశోధన గట్టెక్కాలనే ఈ వ్రతం అంది. హరిచందన కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంది. సంచి కనబడటం లేదని మెల్లగా చెప్పింది.

"నువ్వు పండించిన తొలిపంట దేవుడికి పెట్టొద్దూ? అవే మర పట్టించాను" అంది తల్లి మురిసిపోతూ. "నీకు పొలం నిండా ఉన్నవే కదా."

హరిచందన నమలడం ఆపేసింది. "మొత్తం పట్టించేశావా అమ్మా?"

"లేదులే. మరకి తీసుకెళ్లింది పోలమ్మే. విత్తనానికి గుప్పెడు తియ్యందే గింజ మరలో పొయ్యకూడదని పట్టుబట్టి, కొంగున ముడేసుకుంది. నేనొచ్చేదాకా చెప్పొద్దన్నాను గానీ, ఇచ్చిందా నీకు?"