కుడిచెయ్యి

ఆమె బ్రష్షుతో మిషన్ బల్ల మీది ఇనుప రజను ఊడుస్తోంది.

చేత్తో ఊడవకూడదని భర్త అనేవాడు. ఆయన చెప్పిన జాగ్రత్తల్లో ఆమెకు గుర్తున్నది అదొక్కటే.

ముందుగదిలో సగం ఆ డ్రిల్లింగ్ మిషనే. తలుపులకు వేసే ఇనుప బందులకు బెజ్జాలు వేసి షాపుకు ఇవ్వడం ఆయన పని. ఆయన పోయాక ఆమె అందుకుంది.

ఇప్పుడు ఆ ఇంట్లో వినిపించే చప్పుడు కూడా అదే. మిషన్ ఆగితే గోడ అవతల పక్కింటివాళ్ళ గడియారం వినబడుతుంది.

కొన్నాళ్ళుగా మిషన్ వణుకుతోంది. బెజ్జాలు కోడిగుడ్లలా పడుతున్నాయి. షాపాయన బస్తా వెనక్కి పంపేశాడు.

"అమ్మేద్దాం వదినా," అన్నాడు మరిది. "చెయ్యి పోగొట్టుకుంటే నీకు అన్నం ఎవరు తినిపిస్తారు? సాయంత్రం బండి తెస్తాను."

ఒక్క బెజ్జమైనా గుండ్రంగా పడితే వద్దనేది. పొద్దున్నుంచి ఒక్కటీ పడలేదు.

"మిషన్ అమ్ముతున్నారట?"

గుమ్మంలో ఎవరో పెద్దాయన. జుట్టంతా నెరిసింది. కుడిచెయ్యి జేబులో ఉంది.

"ఎవరు చెప్పారు?"

"బందుల షాపులో అనుకుంటున్నారు. మీ ఆయన పోయారని కూడా అక్కడే విన్నాను."

మరిది పంపిన బేరగాడే అనుకుంది ఆమె.

"చూసుకోండి. వంకలు పెట్టి ధర దించుదామనుకుంటే మాత్రం కుదరదు. దాని వంకలన్నీ నాకే ఎక్కువ తెలుసు."

"ముందు ప్లగ్ తియ్యమ్మా."

"స్విచ్ ఆపే ఉంది కదా!"

"చెయ్యి పెట్టేటప్పుడు స్విచ్చిని నమ్మకూడదు."

గొణుక్కుంటూనే తీసింది. అప్పుడు ఆయన జేబులోంచి చెయ్యి బయటికి తీశాడు. బొటనవేలు, చిటికెనవేలు తప్ప మిగతావి లేవు.

ఆమె చూపు తిప్పుకుంది.

బెజ్జం వేసే బిట్టును పిడికిట్లో పట్టి ఉంచే చక్‌ను ఆయన చేత్తోనే నెమ్మదిగా తిప్పి చూశాడు.

"ఇది ఎప్పుడైనా ఊడి పడిందా?"

"ఒకసారి. నేనే పైకి తోసి పెట్టాను."

"తుడిచావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

ఆయన చీలతో తట్టి చక్ ఊడదీశాడు. గుడ్డతో తుడిస్తే సన్నని ఇనుప పోగు ఒకటి వచ్చింది.

"ఇదిగో నీ దొంగ."

"ఇంత వెంట్రుకముక్కా!"

"కంట్లో నలుసు ఎంతుంటుందేమిటి?"

చాలా రోజుల తర్వాత ఆమెకు నవ్వొచ్చింది. బేరగాళ్ళు నవ్విస్తే జాగ్రత్తగా ఉండాలని వెంటనే మొహం బిగించుకుంది.

చక్ మళ్ళీ బిగించాక, బిట్టును బిగించే తాళంచెవి ఎక్కడని అడిగాడు.

"ఎప్పుడూ చక్‌కే ఉంచేస్తాను, పారేసుకుంటానని. పొద్దున్నే తీసి కిటికీలో పెట్టాను."

"మరిచిపోయి స్విచ్ వేశావంటే ఎగిరొచ్చి మొహం పగలగొడుతుంది."

గట్టి తాడు అడిగి తీసుకుని, తాళంచెవిని ప్లగ్ పక్కన వైరుకు కట్టేశాడు. తాడు చాలా పొట్టిగా వదిలాడు.

"ఇప్పుడు ఇది చక్ దాకా రావాలంటే ప్లగ్ ఊడి రావాల్సిందే. మరుపు నీకొచ్చినా తాడుకు రాదు."

తర్వాత బల్ల మీదున్న గ్లవుజులు చూశాడు.

"ఇవి వేసుకుంటావా?"

"దెబ్బ తగలకుండా ఉంటుందని."

"వద్దు. గ్లవుజైనా, చొక్కా చెయ్యైనా, గుడ్డ దొరికిందంటే చెయ్యి మొత్తం లాక్కుంటుంది."

ఆమెకు చిర్రెత్తింది.

"ఇన్ని తెలిసినవారు, మీ వేళ్ళు ఎక్కడ పారేసుకున్నారు?"

అనేశాక నాలుక కరుచుకుంది.

ఆయన కోపం తెచ్చుకోలేదు. "ఒకరోజు జాగ్రత్తపడే టైము లేకపోయిందమ్మా," అన్నాడు.

మిషన్ పైన బెల్టు మూత తెరవగానే మాత్రం ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళిపోయింది.

"బెల్టు నువ్వే బిగించు. నేను చెబుతాను."

చెప్పినట్టే మోటారును కాస్త వెనక్కి జరిపి, బెల్టును బొటనవేలితో నొక్కి చూసింది. కొద్దిగా లోపలికి వెళ్ళి ఆగింది. మూత వేసి, బందును వైస్‌లో బిగించి, ప్లగ్ పెట్టింది.

మిషన్ వణకలేదు. ఇనుము చుట్టలు చుట్టలుగా లేచింది. బెజ్జం రూపాయిబిళ్ళలా గుండ్రంగా పడింది.

ఆమె స్విచ్ ఆపి, ఆ బందును అరచేతిలో పెట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది.

"ఒక మాట అడగనా?" అన్నాడు ఆయన. "మీ ఆయన కుడిచెయ్యి చివరిదాకా బాగానే ఆడిందా?"

ఇదేం ప్రశ్న అనుకుంది.

"బాగానే ఆడింది. నాకు జ్వరమొస్తే జడ కూడా ఆయనే వేసేవారు."

"జడ కూడానా!"

ఆయన మొహం విప్పారింది.

"ఉండండి, మంచినీళ్ళు తెస్తాను. ఇక బేరం లేదు, మిషన్ నేను అమ్మను," అంటూ ఆమె లోపలికి వెళ్ళింది.

గ్లాసుతో వచ్చేసరికి గది ఖాళీ. పక్కింటి గడియారం వినబడుతోంది.

కుడిచెయ్యి సంగతి ఈయనకెలా తెలుసు?

పెళ్ళికి ముందు ఫ్యాక్టరీలో భర్త చొక్కా చెయ్యి మిషన్‌లో చిక్కుకుంది. స్విచ్ అందలేదు. "పక్క మిషన్ వాడు ఉరికొచ్చి, తిరుగుతున్న బెల్టును ఉత్త చేత్తో పట్టుకున్నాడే," అని చెప్పేవాడు. ఆ చేతికేమైందంటే చెప్పేవాడు కాదు. తన కుడిచేతిని చూసుకుంటూ ఊరుకునేవాడు. ఆ మనిషి ఆస్పత్రి నుంచే ఎటో వెళ్ళిపోయాడట. ఎన్ని ఊళ్ళు తిరిగినా దొరకలేదట.

వాకిట్లో బండి ఆగింది.

"సిద్ధమేనా వదినా?" అన్నాడు మరిది.

ఆమె అతన్ని దాటుకుని గుమ్మం దిగింది. తన జడ అల్లిన చేతిని మిగల్చడానికి మూడు వేళ్ళు బెల్టుకు ఇచ్చేసిన మనిషి ఏ మలుపు తిరిగాడో తెలియక, నీళ్ళ గ్లాసుతోనే, చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి వెళ్ళిపోయింది.