ఐసాయ్ పేరు మీద దగ్గు

“రాత్రిళ్లు దగ్గుతోందా?” అని డాక్టరమ్మ తల్లిని అడిగింది. తల్లి తిరిగి, పాపను చూసుకునే యాయా రోసెండా వైపు చూసింది.

“సెండానే అడగండి. నాకు తెలిసిందల్లా దీని బూట్ల సైజే,” అంది వివియెన్.

“అది కూడా తప్పే మమ్మీ,” అంది బల్ల మీద కాళ్లూపుతూ కూర్చున్న ఐదేళ్ల ఐసాయ్.

అందరూ నవ్వారు. అంతలోనే వివియెన్ సంచిలోంచి ఫోన్ తీసింది. “ఆఫీసు వాళ్లు. నువ్వు తీరిగ్గా మాట్లాడు సెండా, కంగారేం లేదు,” అంటూ గదిలోంచి వెళ్లిపోయింది.

నెలనెలా ఇదే తంతు. ఐసాయ్‌కి ఉబ్బసం నెమ్మదించి ఏడాది దాటింది. అయినా మేడమ్ ప్రతి నెలా చూపించాల్సిందే అంటుంది, తీరా గదిలోకి వచ్చాక నిమిషం నిలవదు. ఒక్కోసారి ఫోన్ మోగకుండానే వెళ్లిపోతుంది. కలవారి ఫోన్లు మోగకుండానే పిలుస్తాయి కాబోలు అనుకునేది రోసెండా. ఏదైతేనేం, ఆ ఫోన్ చల్లగా ఉండాలి. దాని పుణ్యమా అని ఆమెకు డాక్టరమ్మతో పది నిమిషాలు దొరికేవి.

ఆ పది నిమిషాలూ ఐసాయ్ కోసం కాదు. రోసెండా కూతురు జొనలిన్‌కి ఎనిమిదేళ్లు. సమార్ దీవిలో అమ్మమ్మ దగ్గర ఉంటుంది. వర్షాకాలం నుంచి ఊపిరి అందక అల్లాడుతోంది. ఊళ్లో నర్సమ్మ అన్ని దగ్గులకూ ఒకే సీసా ఇస్తుంది. ఆ సంగతి మేడమ్‌కి చెబుదామంటే రోసెండాకు నోరు రాలేదు. కింది అంతస్తులో పనిచేసే యాయా, ఊళ్లో మొగుడికి దగ్గని ఒక్క మాట అన్నందుకు ‘పసిపిల్లలున్న ఇల్లమ్మా’ అంటూ ఆమెను మానిపించేశారు. అందుకే ఈ తల్లి తన కూతురి దగ్గును ఐసాయ్ పేరు మీద డాక్టరమ్మకు చెప్పుకుంటోంది.

“పడుకుంటే పిల్లికూతలు డాక్టరమ్మ గారూ. రెండు దిండ్లు పెడితేగానీ కన్ను మూతపడదు. ఇక కొబ్బరి ఎండబెట్టే పొగ వచ్చిందంటే చెప్పనక్కర్లేదు,” అని గబగబా చెప్పేసి నాలిక కరుచుకుంది. వాళ్లుండేది మనీలాలో, పద్దెనిమిదో అంతస్తులో.

“యాయా, మనింట్లో కొబ్బరి పొగ...”

“నువ్వుండవే తల్లీ, ఆవిడ రాసుకుంటోంది.”

డాక్టరమ్మ తలెత్తలేదు. “పొయ్యి ఉన్న గదిలో పడుకోబెట్టొద్దు. ఇంట్లో పెద్దావిడకి గట్టిగా చెప్పు,” అంది.

మేడమ్ ఇంట్లో పెద్దావిడ ఎవరూ లేరు. పాపం, రోజుకి నలభైమంది పిల్లల్ని చూసే మనిషి, ఎవరింట్లో ఎవరున్నారో ఏం గుర్తుంటుందిలే అనుకుంది రోసెండా. మాటలన్నీ మనసులో మూటగట్టుకుంది.

డాక్టరమ్మ ఐసాయ్ ఛాతీకి గొట్టం ఆనించి విన్నది. “శుభ్రంగా ఉంది.”

“మరి మందు?”

“పోయిన నెలే చెప్పాను కదా సెండా. నువ్వు చెప్పేదాన్ని బట్టి పొగ, దుమ్ము, దిండు వరకే నేను చెప్పగలను. మందు రాయాలంటే ఊపిరి నా చెవితో వినాలి. వినకుండా రాస్తే ప్రమాదం.”

ఐసాయ్ ఛాతీని వందసార్లు విన్నా ఏం లాభం? వినాల్సిన ఊపిరి సముద్రం అవతల ఉంది. మొన్న ఫోన్‌లో జొనలిన్ రెండు మాటలు మాట్లాడి మూడో మాటకి ఆయాసపడింది. నిన్నటి నుంచి అమ్మ ఫోన్ అసలు కలవడం లేదు.

“బయట కూర్చో. వెళ్లిపోకు,” అంది డాక్టరమ్మ.

బయట మేడమ్ లేదు. ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: ‘బస్టాండ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను. నేనొచ్చేదాకా కదలకండి.’

గంట గడిచింది. ఐసాయ్ రొట్టె తినేసి యాయా ఒళ్లో నిద్రపోయింది. ఆ జుట్టు సవరిస్తూ కూర్చుంది రోసెండా. ఈ పిల్ల తల్లి తనను ఏనాడూ పరాయిదానిలా చూడలేదు. తన తండ్రి పోయినప్పుడు కడసారి చూపు దక్కాలని తనను విమానం ఎక్కించింది. తన పుట్టినరోజు తానే మరిచిపోతే, గుర్తుపెట్టుకుని నూడుల్స్ వండింది. అలాంటి మనిషి దగ్గర ఇన్ని నెలలుగా దొంగాట ఆడుతున్నానే అని రోసెండాకు సిగ్గేసింది. ఇక దాచకూడదు. పని పోతే పోనీ, బిడ్డ దక్కితే చాలనుకుంది.

వివియెన్ చెదిరిన జుట్టుతో, చెమటతో లిఫ్టులోంచి వచ్చింది. రోసెండా పిల్లను బెంచీ మీద పడుకోబెట్టి లేచి నిలబడింది.

“మేడమ్, మిమ్మల్ని మోసం చేశాను. ఈ దగ్గు ఐసాయ్‌ది కాదు, నా కూతురిది. మీ పాప పేరు చెప్పి నా జొనలిన్ కోసం అడుగుతూ వచ్చాను.”

“ముందు కూర్చో.”

“కూర్చోలేను మేడమ్. అమ్మ ఫోన్ కూడా కలవడం లేదు. నన్ను ఈ రోజే ఊరి బస్సెక్కి పడవ దాటనివ్వండి. దాన్ని తీసుకొచ్చి డాక్టరమ్మకి చూపించుకుంటాను. వారం సెలవివ్వండి చాలు.”

వివియెన్ లిఫ్టు వైపు ఒకసారి తిరిగి చూసింది.

“సెలవివ్వను సెండా,” అంది.

రోసెండా తల దించుకుంది. అయినా ఆవిడ మీద కోపం రాలేదు. ఇన్నాళ్లు పెట్టిన అన్నానికి, చూపించిన ఆదరణకి దణ్ణం పెట్టి వెళ్లిపోదామని చేతులు జోడించబోయింది. అప్పుడే డాక్టరమ్మ సెక్రటరీ తలుపు తీసి, చేతిలోని జాబితా చూసి తర్వాతి పేరు పిలిచింది.

“జొనలిన్ అబాయోన్.”