మాస్టారి పొగపొయ్యి

ఇవాళ కూడా పొయ్యి కొంటామంటూ ఎవరో వచ్చారు. లెక్కల మాస్టారి గుండెల్లో రాయి పడింది.

మాంసాన్ని పొగ మీద నిదానంగా వండే ఇనప పొయ్యి అది. వేలెడు మందం ఇనుము, మనిషెత్తు గొట్టం. ఏడాదిగా ప్రతి ఆదివారం పొద్దున్నే మాస్టారు దాని ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటారు. వారమంతా బళ్ళో ఆయన చెప్పేది ఎవరూ వినరు. ఇంట్లో సరేసరి. ఈ పొయ్యి ఒక్కటే ఆయన మాట వింటుంది. ఇది కాస్తా చేజారితే ఇక ఆదివారమూ ఒకటే, సోమవారమూ ఒకటే!

దాన్ని ఎలాగైనా అమ్మిపారేయాలని కంకణం కట్టుకున్నది బట్టతలాయన. వారానికో జంటను వెంటబెట్టుకుని వస్తాడు.

"ఈసారైనా కాస్త నోరు కట్టుకోండి," అంది మాస్టారి భార్య, గొడుగు కింద కుర్చీలోంచి. "ఎవరో ఒకరు పట్టుకుపోతే నాకు ఆదివారాలు మిగుల్తాయి."

"నువ్వూ వాళ్ళ పక్షమేనా?" అన్నారు మాస్టారు నొచ్చుకుని.

ఈసారి వచ్చింది కొత్తగా పెళ్ళయిన జంట. బట్టతలాయన పొయ్యి మీద చరిచి మరీ చూపించాడు. "ఎంత గట్టిదో చూడండి. మీ మనవలు కూడా వండుకోవచ్చు."

"మనవలా! అడుగంతా తుప్పు పట్టేసింది," అన్నారు మాస్టారు.

"ఎక్కడండీ తుప్పు?" అని ఉరిమి చూశాడు బట్టతలాయన.

"లోపల. కంటికి కనబడదు. అయినా ఈ పొగ గొడవ మీకెందుకు బాబూ? దీని మూలాన మా ఆవిడ నన్నొదిలేసి పుట్టింటికి పోయింది."

"ఇక్కడే ఉన్నాను," అంది గొడుగు కింద నుంచి భార్య.

"తిరిగొచ్చిందిలెండి."

పెళ్ళికూతురికి ఇవేవీ చెవికెక్కడం లేదు. పొగలో తేలొస్తున్న మాంసం వాసన ఎగబీలుస్తోంది. "కాస్త రుచి చూడొచ్చా అంకుల్?"

మాడిపోయిందమ్మా అందామని మాస్టారు నోరు తెరిచారు. ఎనిమిది గంటలు కన్నబిడ్డలా కాచుకున్న మేక తొడ! దాన్ని మాడిందనడానికి నోరెలా వస్తుంది? పొయ్యి తలుపు తీశారు. ఎముక పట్టుకుని లాగితే వెన్నలోంచి వచ్చినట్టు వచ్చేసింది.

పెళ్ళికూతురు ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. పెళ్ళికొడుకు అడక్కుండానే రెండో ముక్క తీసుకున్నాడు. బట్టతలాయన ఎప్పుడో పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు.

"కొనేద్దామండీ," అంది పెళ్ళికూతురు.

చేజేతులా కొంప ముంచుకున్నాను గదా అనుకున్నారు మాస్టారు. అంతలో ఒక ఆలోచన తట్టింది.

"మరి కట్టె ఏదమ్మా?"

"మా సందులో పోయిన వారమే ఒక చెట్టు కొట్టేశారు. అది తెచ్చుకుంటాం."

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. పక్కనున్న తన సంచిలోంచి రెండు కట్టెలు తీసి ఒకదానితో ఒకటి కొట్టారు. ఠంగుమన్నాయి.

"ఇదీ కట్టె అంటే! మూడేళ్ళు నీడపట్టున ఆరింది. పచ్చికట్టె పెట్టావా, మాంసం చేదు విషం. నువ్వు ఇవాళ ఆరబెడితే మొదటి ముక్క తినేది మూడేళ్ళకి. మధ్యలో గట్టి వానకి తడిసిందా, లెక్క మళ్ళీ మొదటికొస్తుంది."

"ఆరిన కట్టె ఎక్కడైనా కొనుక్కోవచ్చు కదండీ?" అన్నాడు పెళ్ళికొడుకు.

"ఎవడమ్ముతాడయ్యా? మూడేళ్ళు కాపలా కాసినవాడు అడిగితే పిల్లనిస్తాడు గాని కట్టె ఇవ్వడు."

పెళ్ళికూతురు మొగుడి మొహం చూసింది. "మనకి మంచం వేసుకోడానికే చోటు లేదు. కట్టెలెక్కడ పెడతాం?"

ఇద్దరూ చేతులు తుడుచుకుని, థాంక్సు చెప్పి, గేటు వైపు నడిచారు. మాస్టారికి ఒళ్ళంతా దూదిపింజలా తేలికైపోయింది. ఈల వేసుకుంటూ కత్తి అందుకుని మాంసం కోయసాగారు.

బట్టతలాయన నిమ్మళంగా దగ్గరికొచ్చాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. పొగకి కాదు. నోట్లో ముక్క మింగి, చేతులు జోడించబోయి, పళ్ళెం అడ్డొస్తే చంకలో పెట్టుకుని మరీ జోడించాడు.

"మాస్టారూ, 'ఒక్కసారి వండి చూసి కొంటాను' అని ఏడాదిగా అంటూనే ఉన్నారు, మీకు దణ్ణం పెడతాను, ఇవాళైనా దీన్ని కొని మీ ఇంటికి పట్టుకెళ్ళండి, లేదంటే మా షాపుకొచ్చిన వాళ్ళనైనా కొననివ్వండి!"