గోడ మీద గాజు పట్టీ

సాయంత్రం పని నుంచి రాగానే కోడలు చెప్పులైనా విప్పదు. భుజాన సంచీ దించదు. తిన్నగా వంటింటి గోడ దగ్గరికి పోతుంది.

"ఏమైనా అయిందా అత్తయ్యా?"

"ఏమవుతుందీ, రాయిలా ఉంది," అంటుంది అత్త, మంచం మీంచి దగ్గుతూ. "దాని దుంపతెగ, దానికి చావు లేదు."

గోడకి పైనుంచి కిందిదాకా ఒక బీట. దానికి అడ్డంగా వేలెడంత గాజు పట్టీ, రెండు చివర్లా తెల్లటి ప్లాస్టరు. బొగ్గు గని వాళ్లు పంపిన కొలతలాయన అతికించి వెళ్లాడు. రోజూ మధ్యాహ్నం రెండింటికి గనిలో పేలుళ్లు పెడతారు. వాటికి బీట పెరిగితే గాజు దానంతటదే విరుగుతుంది. విరిగితే ఇల్లు పాడైందని ఒప్పుకుని, దుమ్ము తగలనంత దూరంలో కొత్త కాలనీలో ఇల్లిస్తారు. విరక్కపోతే ఇల్లు గట్టిదే, ఉన్నచోటే ఉండమంటారు. గడువు మూడు నెలలు.

ఇల్లు గట్టిదట! సైరన్ మోగితే అత్త గిన్నెలన్నీ అరల్లోంచి దించి నేల మీద పెట్టుకుంటుంది. పేలుడయ్యాక మళ్లీ సర్దుకుంటుంది. పొద్దున తుడిచిన గచ్చు మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. ఆరేసిన బట్టల కన్నా విడిచిన బట్టలే నయం.

కోడలు యూనిఫారాలు కుట్టే దుకాణంలో పని చేస్తుంది. ఆమెకి కొత్త ఇంటి మీద మోజేం లేదు. అత్త దగ్గితే గుడ్డ మీద నల్లగా పడుతోంది. ఈ దుమ్ములో ఇంకో ఏడాది ఉంటే నా చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. ఇద్దరికీ మిగిలింది ఒకరికొకరే. ఈవిడా పోతే ఇంట్లో పలకరించే దిక్కుండదు.

మూడో మనిషి గోడ మీద అద్దం లేని ఫొటోలో ఉన్నాడు. ఒకామెకి కొడుకు, ఒకామెకి మొగుడు. నాలుగేళ్ల కిందట గని అంచు విరిగి అతని మీద పడింది. తొమ్మిది రోజులు తవ్వి, దొరకలేదని మానేశారు. ఆపైన ఇంకా మట్టి పోశారు. ఇప్పుడది పెద్ద గుట్ట. వీధి గుమ్మంలో కూర్చుంటే ఎదురుగా అదే. అత్త రోజూ టీ గ్లాసుతో అక్కడే కూర్చుంటుంది. లోపలికి రమ్మని కోడలు మొత్తుకున్నా వినదు. కొడుకు ఊసు మాత్రం ఎత్తదు.

రెండో నెలలో పక్కింటి గాజు విరిగింది. వాళ్ల సంబరం చూడాలి. ముక్కలు వీధిలోకి విసిరేశారు. అత్త వెళ్లి ఏరి, ఆనాటి పేపర్లో పొట్లం కట్టి చెత్త బండిలో వేసింది. మామగారు ఫొటోలకి ఫ్రేములు కట్టేవాడు, అత్త అద్దాలు కోసి ఇచ్చేది. ఎవరి కాలికో గుచ్చుకుంటుందని పగిలిన అద్దాన్ని వట్టినే వదిలెయ్యకపోవడం ఆ షాపు నాటి అలవాటు.

తర్వాత ఆ పక్కిల్లు. తర్వాత ఆ వెనకిల్లు. వీధి వీధంతా విరుగుతోంది, వీళ్లది తప్ప. బీట మాత్రం వేలు దూరేంత అయింది.

ఓ రోజు కోడలికి ఓపిక నశించి అప్పడాల కర్ర పట్టుకుని లేచింది. అత్త చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ చేతికి రెండు వేళ్లకి గుడ్డ పీలికలున్నాయి, కూర తరుగుతుంటే తెగాయట.

"వద్దమ్మాయ్. కొడితే పగిలిన గాజు వేరు, తనంతట విరిగిన గాజు వేరు. చూడగానే తెలిసిపోతుంది. ఉన్న పరువు కూడా పోతుంది."

కోడలు కర్ర పడేసి ఏడ్చింది. 

గడువు చివరి రోజు కొలతలాయన వచ్చాడు. పట్టీని వేలితో రుద్ది చూశాడు. ఇంత బీటకి ఇది నిలవడం నా సర్వీసులో చూళ్లేదన్నాడు. అందరికీ ఒకే షీటు కోసి పెట్టానని, నేనేం చెయ్యలేనని తల దించుకుని రాసుకున్నాడు. కోడలు బతిమాలింది. నన్ను కాదు, గాజుని అడగమ్మా అని వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండా లారీలొచ్చాయి. వీధి ఖాళీ అయింది. ఆ రాత్రి అత్త కోడలి తల నిమిరింది.

"నా మూలంగా నీకు ఇన్ని అగచాట్లు. నన్ను తిట్టుకో తల్లీ, బరువు తగ్గుతుంది."

"ఊరుకోండి అత్తయ్యా. మీరేం చేశారు?" అంది కోడలు.

ఆదివారం పొద్దున అత్త టీ గ్లాసుతో గుమ్మంలో కూర్చుని దగ్గుతోంది. చూపు గుట్ట మీదే ఉంది. గోడ బీటలోంచి దుమ్ము రాకుండా కుక్కడానికి పాత గుడ్డల కోసం కోడలు అత్త ట్రంకుపెట్టె తెరిచింది.

అడుగున వరసగా పదకొండు పేపరు పొట్లాలున్నాయి, ఒక్కో దాంట్లో సరిగ్గా మధ్యకి విరిగిన గాజు పట్టీ ఉంది, మొదటి పొట్లం పేపరు మీద కొలతలాయన తొలిసారి వచ్చి వెళ్లిన మర్నాటి తారీఖు ఉంది.