తారీఖు మరిచే కంప్యూటర్

బుల్లి ఒక చేత్తో పొడిగుడ్డ పట్టుకుని తెరమీది దుమ్ము తుడుస్తూ, రెండో చేత్తో కంప్యూటర్ ఆన్ చేసింది.

రోజూ వచ్చే బొమ్మ రాలేదు. నల్లటి తెరమీద నాలుగు తెల్ల వరుసలు వచ్చి ఆగిపోయాయి. తారీఖు చూస్తే, తనింకా బడి మొహమైనా చూడని రోజులనాటిది.

"మళ్ళీ మర్చిపోయింది" అంది పైకే. విసుగు రావాల్సిన చోట ప్రాణం తేలికపడింది. వెంటనే ఆ తేలికకు సిగ్గేసింది.

ముందుగదిలో కిటికీ పక్కన నాన్న, కంటికి భూతద్దం తగిలించుకుని ఎవరిదో చేతిగడియారం విప్పుతున్నాడు. తల ఎత్తలేదు.

"ఏమైందే?"

"అదే నాన్నా. లోపలి బ్యాటరీ అయిపోయినట్టుంది."

"అయితే కట్టినవాణ్ణే పిలువు."

అన్నయ్యను ఆయన పేరు పెట్టి పిలిచి చాలా కాలమైంది.

ఆ కంప్యూటర్ కట్టింది అన్నయ్యే. ఒక్కొక్క ముక్కా ఒక్కో చోట ఏరి తెచ్చి బిగించి, ఎవరైనా ఉచితంగా వాడుకోగల సిస్టమ్ ఒకటి వేసి ఇచ్చాడు. దానిమీదే బుల్లి ఇంట్లో కూర్చుని బడిపుస్తకాల పేజీలు పేర్చి ప్రెస్సుకు పంపుతుంది. ఈమధ్యే ప్రెస్సు ఓనరు కచ్చితంగా చెప్పేశాడు.

"చూడమ్మా, మేమంతా వేరే సిస్టమ్‌లో ఉన్నాం. నీ పేజీలు మా దగ్గర తెరిస్తే లెక్కల పుస్తకంలో అంకెలు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూచుంటున్నాయి. నువ్వూ మారిపో. లేదంటే నేను వేరేవాళ్ళను చూసుకోవాలి."

మారడం ఎంతసేపు? కానీ అన్నయ్య ఈ గుమ్మం తొక్కేది ఈ కంప్యూటర్ పాడైనప్పుడే. ఒకప్పుడు నాన్న గడియారాల కొట్లో, పదిమంది ముందూ, "చేతిగడియారాలు ఇంకెవరు పెట్టుకుంటారు నాన్నా, కొట్టెత్తెయ్" అన్నాడు. "నా కొట్టు వద్దన్నవాడికి నా ఇల్లెందుకు? నీ చేతుల్లో పనితనం లేదని చెప్పరాదూ!" అన్నాడు నాన్న. అన్నయ్య సంచీ సర్దుకున్నాడు. తర్వాత కొట్టూ మూతపడింది. పనిబల్ల ఇంటికొచ్చింది గానీ మాటలు మాత్రం తిరిగి రాలేదు.

మొన్న నాన్నను మాటవరసకు అడిగింది, కంప్యూటర్ మార్చేయనా అని. "ఇప్పుడెందుకే? ఆగిపోతే బాగుచేసే దిక్కు లేదా?" అన్నాడు. పిసినారితనం అనుకుంది. నిన్న ఎవరికీ చెప్పకుండా దుకాణానికి వెళ్ళి ప్రెస్సువాళ్ళ సిస్టమ్ ఉన్న కొత్త కంప్యూటర్ తెమ్మని చెప్పి వచ్చేసింది. అన్నయ్యకు ఎలా చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.

అన్నయ్య మధ్యాహ్నానికి వచ్చాడు.

"ఏం బుల్లెమ్మా, ఈసారి ఏ కాలంలో ఉంది?"

"నాకు పలకైనా కొనని రోజుల్లో."

"అయితే ఇంకా చీమిడిముక్కు పిల్లవే అన్నమాట. దగ్గరికి రాకు!"

బుల్లి కిసుక్కున నవ్వింది. ముందుగదిలో పట్టకారు చప్పుడు ఆగింది. ఆయనకు చిరాకేస్తోందేమో అని గొంతు తగ్గించింది.

అన్నయ్య నేలమీద చతికిలబడి పెట్టె విప్పాడు.

"స్క్రూలు వెన్నలోంచి వచ్చినట్టు వస్తున్నాయే! నూనె వేశావా ఏంటి?"

"నాకేం పని? వంటకే చాలడం లేదు."

లోపలినుంచి బిళ్ళంత బ్యాటరీ ఊడదీశాడు. రాత్రిళ్ళు ప్లగ్గులన్నీ పీకేసి పడుకోవడం ఆ ఇంటి అలవాటు. అప్పుడు తారీఖు గుర్తుపెట్టుకునేది ఆ బ్యాటరీయే. మామూలుగా అయితే అది తీసుకెళ్ళి, నాన్న బల్లమీద పాత బ్యాటరీలు వేసే గాజుసీసాలో టంగుమని పడేస్తాడు. ఎన్నిసార్లు వేసినా ఆ సీసా నిండినట్టే కనిపించదు. తండ్రీకొడుకుల మధ్య మిగిలిన వ్యవహారం అదొక్కటే.

ఈసారి లేవలేదు. బ్యాటరీని అరచేతిలో అటూ ఇటూ దొర్లించాడు.

"ఏళ్ళ తరబడి రావాలి ఇది. కొత్తది వేసి వెళ్ళడమే ఆలస్యం, మింగేస్తోంది."

బుల్లి ఇక ఉండబట్టలేకపోయింది. "అన్నయ్యా, నేనో పని చేశాను. నువ్వు తిట్టకూడదు." ప్రెస్సు సంగతీ, కొత్తది తెమ్మన్న సంగతీ అంతా చెప్పేసింది.

అన్నయ్య తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మంచిపని చేశావే. అసలు తప్పు నాది. ఎక్కడిదో పాత బోర్డు తెచ్చి తగిలించాను, దానికి నువ్వు అవస్థ పడుతున్నావు." గొంతు తగ్గింది. "ఆయన అన్నది నిజమే. నా చేతుల్లో పనితనం లేదు."

"అలా అనకు అన్నయ్యా."

"కొత్తదానికి నాతో పనుండదులే. దుకాణంవాళ్ళే చూసుకుంటారు."

"పనుంటేనే రావాలా? ఊరికే రాకూడదా?"

"ఊరికే ఏమని రానే?" అంటూ స్క్రూలు ఏరుకోవడం మొదలుపెట్టాడు.

ముందుగదిలో కుర్చీ కిర్రుమంది. నాన్న కంటికున్న భూతద్దం తీసి, గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన మొహం చూసి బుల్లి, పోతున్నవాణ్ణి మరో మాట అని పంపిస్తాడా అనుకుంది.

నాన్న చొక్కా జేబులో చెయ్యి పెట్టి, అన్నయ్య వచ్చినప్పుడల్లా వేసి వెళ్ళిన కొత్త బ్యాటరీలన్నీ, ఒక్కదానికీ మెరుపైనా తగ్గనివి, గుప్పెడు తీసి కీబోర్డు పక్కన పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.